ఆరో పరుగు
(డ్రిల్లు మాస్టారి స్మారకోపన్యాస పాఠం)

వెనక గోడవారగా నిలబడ్డ పిల్లలు ముందుకు వచ్చి ఈ చాపల మీద కూర్చోండి. ఇవాళ చెప్పబోయేది పెద్దలకన్నా మీకే ఎక్కువ పనికొస్తుంది.

ఆహ్వానపత్రంలో మాస్టారి పేరు లేదేమని కొందరు అడిగారు. తన పేరున బల్ల గాని, బొమ్మ గాని పెట్టొద్దని ఆయన బతికుండగానే గట్టిగా చెప్పారు. ఆ మాట కాదనలేక ఆయన శిష్యులంతా చందాలు వేసుకుని ఏర్పాటు చేసిన దీన్ని డ్రిల్లు మాస్టారి ఉపన్యాసం అనే పిలుచుకుంటున్నాం. ఈ ఊళ్లో ఆ మాట అన్నాక ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

ఆయన దగ్గర పొడుగాటి పద్దుల పుస్తకం ఒకటి ఉండేది. చెడుగుడు జట్టుకు పిల్లల్ని ఎంచేటప్పుడు మైదానంలో రెండు సున్నం గీతలు గీసేవారు. ఈల వేయగానే ఈ గీత నుంచి ఆ గీతకు శక్తికొద్దీ పరుగెత్తాలి. గీత దాటగానే ఆయన ఇరవై అంకెలు లెక్కపెట్టేవారు. మళ్లీ ఈల. అలా ఆరుసార్లు. పుస్తకంలోకి ఎక్కేది మొదటి పరుగు కాదు, ఆరోది. నాకప్పుడు పన్నెండేళ్లు. మొదటి పరుగులో అందరికన్నా ముందు చేరింది నేను. జట్టులో మాత్రం నా పేరు లేదు. ఏడుపు ఆపుకుంటూ వెళ్లి అడిగితే భుజం మీద చెయ్యి వేసి, “మొదటిది ఎవడైనా పరుగెడతాడురా. ఆట ఆరోదాంట్లో ఉంది” అన్నారు.

ఆ మాటలో ఎంత శాస్త్రం ఉందో తెలియడానికి నాకు శరీరధర్మశాస్త్రం చదువు, ఆపైన ముప్పై ఏళ్ల ఉద్యోగం పట్టాయి. ఆక్సిజన్ తక్కువగా ఉన్న గాలిలో వేగపు పరుగులు తీయించే శిక్షణ ఒకటి గత పన్నెండు పదమూడేళ్లుగా ప్రపంచంలో బాగా వ్యాపించింది. దాని గురించి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ శిక్షణ మొదటి పరుగును మార్చదు. మారిస్తే ఆరో పరుగును మారుస్తుంది. ఈ తేడా గుర్తుంటే అది ఎవరికి అవసరమో, ఎవరికి దండగో మనకే తెలుస్తుంది.

1

ముందు మెక్సికో సిటీకి వెళ్దాం. 1968 అక్టోబరులో అక్కడ ఒలింపిక్స్ జరిగాయి. ఆ నగరం సముద్ర మట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో గాలి మన విశాఖ బీచి దగ్గరి గాలికన్నా అయిదో వంతుకు పైగా పలచన. చాలామంది అనుకున్నట్టు ఎత్తుకు పోయేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు. ఎక్కడైనా అది 21 శాతానికి దగ్గరే. తగ్గేది గాలి ఒత్తిడి. ఒత్తిడి తగ్గితే ఒక్కో ఊపిరికి ఊపిరితిత్తుల్లోకి వచ్చే ఆక్సిజన్ తగ్గుతుంది.

ఆ ఒలింపిక్స్‌లో జిమ్ హైన్స్ వంద మీటర్లు 9.95 సెకన్లలో పరుగెత్తాడు. టామీ స్మిత్ రెండొందల మీటర్లు 19.83లో, లీ ఎవాన్స్ నాలుగొందలు 43.86లో ముగించారు. బాబ్ బీమన్ 8.90 మీటర్లు దూకాడు. అన్నీ ప్రపంచ రికార్డులే. బీమన్ రికార్డు 1991 దాకా చెక్కుచెదరలేదు. అదే మైదానంలో పది వేల మీటర్ల పరుగు చూడండి. అప్పటి ప్రపంచ రికార్డు ఆస్ట్రేలియాకు చెందిన రాన్ క్లార్క్‌ది, 27 నిమిషాల 39.4 సెకన్లు. మెక్సికోలో గెలిచిన కెన్యా వీరుడు నఫ్తాలీ టెమూకు పట్టిన సమయం 29 నిమిషాల 27.4 సెకన్లు. గెలిచినవాడే రికార్డుకన్నా ఒక నిమిషం 48 సెకన్లు వెనకబడ్డాడు. ఆ రికార్డు సొంతదారు క్లార్క్ ఆరో స్థానంలో గీత దాటి స్పృహ తప్పి పడిపోయాడు.

గాలి ఒక్కటే. దూరం పరుగెత్తేవాడి ప్రాణం తోడేసింది, పది సెకన్లు పరుగెత్తేవాడికి మాత్రం దారి ఇచ్చింది. పలచని గాలి తక్కువ అడ్డుతుంది. అంత కొద్దిసేపటి పరుగులో కండరానికి బయటి ఆక్సిజన్‌తో పెద్దగా పని పడదు. పిల్లలూ, ఈ రెండో సంగతి గుర్తుపెట్టుకోండి. మిగతాదంతా దాని మీదే నిలబడి ఉంది.

2

మీ ఇంటి మీద నీళ్ల ట్యాంకు ఉంది కదా. కుళాయి పూర్తిగా తిప్పితే నీళ్లు ధారగా వస్తాయి. కింద మోటారు తిరుగుతోందా లేదా అన్నది ఆ క్షణంలో కుళాయికి పట్టదు. ట్యాంకులో ఉన్నంతసేపు ధార తగ్గదు. కండరంలో కూడా అలాంటి ట్యాంకు ఉంది. ఏటీపీ అనే శక్తి నిల్వ రెండు మూడు సెకన్లకు సరిపోతుంది. దాని వెనకే ఫాస్ఫోక్రియాటిన్ అనే రెండో నిల్వ ఉంటుంది. శక్తికొద్దీ పరుగెత్తితే అది పది సెకన్లలో చాలామటుకు అడుగంటుతుంది. మొదటి పరుగు నడిచేది ఎక్కువగా ఈ ట్యాంకు మీదే.

తర్వాత? మోటారు నింపాలి. ఆ మోటారు నడవడానికి కావలసిన కరెంటు ఆక్సిజన్. ఖాళీ అయిన ఫాస్ఫోక్రియాటిన్‌లో సగం నిండడానికి అరనిమిషం దాకా పడుతుంది. పూర్తిగా నిండాలంటే మూడు నుంచి అయిదు నిమిషాలు కావాలి. మాస్టారు ఇచ్చింది ఇరవై అంకెలు. అంటే మొదటి పరుగు కుళాయిని చూపిస్తే, ఆరో పరుగు మోటారును చూపిస్తుంది. ఆయన పద్దుల పుస్తకంలో రాసుకున్నది మా మోటార్ల లెక్క.

పల్లెల నుంచి వచ్చినవాళ్లకు లో ఓల్టేజీ అంటే చెప్పనక్కర్లేదు. మోటారు మూలుగుతుంది గాని నీళ్లు ఎక్కవు. ఆక్సిజన్ తక్కువున్న గాలిలో పరుగుకూ పరుగుకూ మధ్య జరిగేది అదే. అయితే కరెంటు తగ్గినప్పుడు మోటారు చేయలేని పని ఒకటి శరీరం చేస్తుంది. గొట్టాన్ని వెడల్పు చేసుకుంటుంది. కండరంలోని రక్తనాళాలు నైట్రిక్ ఆక్సైడ్ లాంటి పదార్థాల వల్ల విచ్చుకుని ఎక్కువ రక్తాన్ని పంపుతాయి. అందులో ముఖ్యంగా లాభపడేవి వేగపు తంతువులు, అంటే ఉరకడానికి, దూకడానికి పనికొచ్చే కండర పోగులు. మామూలు రోజుల్లో రక్తం వాటికి తక్కువగా అందుతుంది. వాటికి రక్తం అందిస్తే ఆక్సిజన్‌ను గట్టిగానే లాక్కోగలవు. శక్తికొద్దీ పరుగెత్తినప్పుడే అవి పూర్తిగా పనిలోకి దిగుతాయి. అందుకే ఈ శిక్షణలో పరుగు ఎప్పుడూ సంపూర్ణ వేగంతో ఉండాలి. పలచని గాలిలో మూడేసి నాలుగేసి నిమిషాల పరుగులు పెడితే వేగం పడిపోతుంది, వేగంతోపాటు శిక్షణ విలువా పడిపోతుంది. అయిదు నుంచి పది సెకన్ల పరుగుకు ఆ చిక్కు తక్కువ.

ఆక్సిజన్ తగ్గిందని కణానికి ఎలా తెలుస్తుందో కనిపెట్టినందుకు విలియమ్ కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. హిఫ్ అనే ప్రొటీన్ ఆ కబురు మోస్తుంది. దాని కథ చెప్పడానికి ఇంకో సాయంత్రం కావాలి. ఇక్కడితో వదిలేస్తాను.

3

1990లలో అందరూ మాట్లాడుకున్నది ఇంకో పద్ధతి: ఎత్తులో నివాసం, దిగువన సాధన. అమెరికాలో బెంజమిన్ లెవిన్, జేమ్స్ స్ట్రే-గుండర్సన్ 1997లో ప్రచురించిన పరిశోధనలో పరుగుగాళ్లు 2,500 మీటర్ల ఎత్తున ఉంటూ 1,250 మీటర్ల దగ్గర సాధన చేశారు. దాని ఉద్దేశం రక్తం పెంచడం. అలా పెరగాలంటే రోజుకు చాలా గంటల చొప్పున వారాల తరబడి ఎత్తులో ఉండాలి. ఇవాళ నేను చెబుతున్నది అది కాదు. వారానికి రెండు మూడు సార్లు గంటసేపు పలచని గాలి పీలిస్తే ఎర్రకణాలు చెప్పుకోదగ్గంత పెరగవు. ఇక్కడ మార్పు రావలసింది కండరంలో.

స్విట్జర్లాండులోని లొసాన్ విశ్వవిద్యాలయంలో గ్రెగ్వార్ మియే, రఫాయెల్ ఫెస్, వారి సహచరులు 2013లో ప్రకటించిన ప్రయోగం ఈ పద్ధతికి పునాది. సైకిల్ తొక్కడంలో తరిఫీదు ఉన్న నలభై మందిని ఇరవై చొప్పున రెండు జట్లు చేశారు. ఇంకో పదిమందికి ఈ శిక్షణేమీ ఇవ్వలేదు. రెండు జట్లకూ నాలుగు వారాల్లో ఎనిమిది సార్లు ఒకే సాధన: పది సెకన్లు ప్రాణం పెట్టి తొక్కడం, ఇరవై సెకన్ల విరామం, ఇలా అయిదేసి చొప్పున మూడు విడతలు. తేడా గాలి ఒక్కటే. ఒక జట్టు మామూలు గాలి పీల్చింది. రెండో జట్టు 3,000 మీటర్ల ఎత్తుకు సమానమైన గాలి, అంటే ఆక్సిజన్ 14.5 శాతానికి దగ్గరగా ఉన్న గాలి పీల్చింది.

తర్వాత అందరికీ మామూలు గాలిలో పరీక్ష పెట్టారు. పది సెకన్ల తొక్కుడు, ఇరవై సెకన్ల విరామం. చేతకాక ఆగిపోయేదాకా ఎన్ని తొక్కుతారో చూశారు. మామూలు గాలి జట్టు శిక్షణకు ముందు సగటున 9.3 తొక్కింది, తర్వాత 8.9. పలచని గాలి జట్టు 9.4 నుంచి 13.0కు వెళ్లింది. ఒక్క తొక్కుడులో చూపే బలం మాత్రం రెండు జట్లలోనూ దాదాపు సమానంగా, ఆరేడు శాతం పెరిగింది.

ఆ చివరి వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. మొదటి పరుగు బాగుపడడానికి సాధన చాలు, గాలి మార్చనక్కర్లేదు. గాలి మార్చింది పదో పరుగును, పదమూడో పరుగును. మాస్టారి ఇరవై అంకెలే అక్కడి ఇరవై సెకన్లు. ఆ పరిశోధన చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇదే బృందం 2015లో మంచు మీద స్కీలతో సాగే క్రీడాకారుల చేతుల బలం మీద ప్రయోగం చేసింది. రెండు వారాల్లో ఆరు సాధనలతో, చేతకాక ఆగేలోపు పలచని గాలి జట్టు వేసిన ఉరుకుల సగటు 10.9 నుంచి 17.1కి పెరిగింది. రెండో జట్టు 11.6 దగ్గరే ఉండిపోయింది. ఇంగ్లండులో రగ్బీ కుర్రాళ్ల మీద 2013లో జరిగిన పరిశీలనలో, విరామాలతో మళ్లీ మళ్లీ పరుగెత్తే యో-యో పరీక్ష ఫలితం పలచని గాలి జట్టుకు 33 శాతం, రెండో జట్టుకు 14 శాతం మెరుగైంది. హాకీ ఆటగాళ్లకు ఎత్తులో నివాసంతో ఈ పరుగులను కలిపి రెండు వారాలు ఇస్తే, ఆ లాభం మూడు వారాల తర్వాత కూడా నిలిచింది.

అలాంటి గదిని నేను దగ్గరుండి చూశాను. గాజు తలుపు, గోడవారగా గుయ్యిమనే యంత్రం, నాలుగు సైకిళ్లు. గదిలో వాసన లేదు, ఉక్క లేదు, ఏమీ తెలియదు. ఒక కుర్రాడి వేలికి రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే క్లిప్పు పెట్టారు. కూర్చున్నప్పుడు 94. మూడో తొక్కుడు అయ్యాక 86. అయిదోది అయ్యాక 83. పెదాల రంగు మారింది. దిగాక వాడు నాతో, “గాలి మామూలుగానే ఉంది సార్, కాళ్లే మాట వినడం లేదు” అన్నాడు. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

4

దీన్ని ఒప్పుకోని పెద్దలూ ఉన్నారు. వాళ్ల మాట దాచిపెట్టి మీకు ఇది చెబితే అది ఉపన్యాసం కాదు, అమ్మకం అవుతుంది. డేవిడ్ మొంటెరో, కార్‌స్టెన్ లుండ్‌బీ 2017లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఎవరు ఏ గాలి పీలుస్తున్నారో ఆటగాడికీ తెలియదు, పరీక్షించేవాడికీ తెలియదు. అందరూ రెండు రకాల గాలిలోనూ వంతులవారీగా సాధన చేశారు. పలచని గాలికి ప్రత్యేక లాభం ఏమీ కనబడలేదు. అదే ఏడు ఫ్రాంక్ బ్రొషెరీ, మియే తదితరులు తొమ్మిది పరిశోధనలను కలిపి లెక్కగట్టారు. మళ్లీ మళ్లీ పరుగెత్తే సామర్థ్యంలో పలచని గాలి వైపు లాభం ఉంది గాని అది చిన్నదని తేలింది. ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ శక్తిలో తేడా లేనట్టే.

ఇన్నేళ్లు చదివాక నా తీర్పు ఇది. లాభం నిజమే, కాని అది చిన్నది. సాధన, తిండి, నిద్ర అన్నీ అమరిన ఆటగాడికి చివర్లో దొరికే కాస్త పైచేయి. వంద మీటర్ల పరుగు తీసే పిల్లకు దాంతో పెద్ద పని లేదు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ వంద మీటర్ల హర్డిల్స్‌లో 2023లో ఆసియా ఛాంపియన్ అయింది. ఆ పోటీ పదమూడు సెకన్ల పని, ఒక్కసారి పరుగు. దానికి కావలసినవి కాలి బలం, లయ, హర్డిల్ మీద అడుగు. హాకీ, ఫుట్‌బాల్, రగ్బీ, కబడ్డీ ఆటగాళ్ల సంగతి వేరు. వాళ్ల బతుకంతా ఆరో పరుగులోనే.

ఇది దొడ్డిదారి కాదా అని అడిగేవారున్నారు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2006లో కృత్రిమంగా ఆక్సిజన్ తగ్గించే పద్ధతులను నిషేధించాలా అని చర్చించి, నిషేధించకూడదనే నిర్ణయించింది. నాదీ అదే అభిప్రాయం.

5

ఇక మన నేలకు వద్దాం. 3,000 మీటర్ల ఎత్తు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడా లేదు. తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరాల్లో ఒకటైన అర్మకొండే 1,680 మీటర్లు. సహజంగా ఎత్తైన చోటు కావాలంటే హిమాచల్‌లో ఎనిమిది వేల అడుగుల దగ్గర ఉన్న శిలారూ శిక్షణ కేంద్రానికో, అలాంటి ఇంకో చోటికో పోవాలి. లేదంటే యంత్రాల గది కట్టుకోవాలి.

యంత్రం లేకుండా దారి ఉందా? ఫ్రాన్సులో గ్జేవియర్ వూరాన్స్ చాలా ఏళ్లుగా ఒక పద్ధతి మీద పనిచేస్తున్నాడు. ఊపిరి పూర్తిగా లోపలికి తీసుకుని బిగబట్టడం కాదు. ఊపిరి వదిలి, ఆ మీదట ఆపి, కొద్ది సెకన్లు వేగంగా పరుగెత్తడం. ఊపిరితిత్తుల్లో గాలి తక్కువ ఉన్నప్పుడు ఆపితే రక్తంలో ఆక్సిజన్ త్వరగా దిగుతుంది. కొండ ఎక్కకుండానే కొండ మీది స్థితి కొంతసేపు వస్తుంది.

ఇది వినగానే మీకు చెడుగుడు కూత గుర్తొచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. కూతకు వెళ్లినవాడు ఒకే ఊపిరి మీద కూత తెగకుండా, ఊపిరి వదులుతూనే అవతలి కోర్టులో దూకుతాడు, తిరుగుతాడు, ఏడుగురి మధ్య నుంచి గీతకు ఉరుకుతాడు. అంతర్జాతీయ కబడ్డీలో ఆ కూతకు 30 సెకన్లు. ఇరవయ్యేసి నిమిషాల రెండు భాగాల ఆటలో మళ్లీ మళ్లీ వెళ్లాలి. వూరాన్స్ పద్ధతీ కూతా ఒకటే అని నేను అనను. కూతలో ఊపిరి సాగుతూ ఉంటుంది, అక్కడ ఆగి ఉంటుంది. అయినా తగ్గిపోతున్న ఊపిరి మీద ప్రాణం పెట్టి ఉరకడం మన పల్లెల్లో తాతల నాటి నుంచీ ఆటగా ఉంది. ఈ సంబంధాన్ని కొలిచి చూడవలసినవాళ్లు మనమే. లొసాన్‌లో కూత పెట్టేవాళ్లు ఉండరు.

పిల్లలకు రెండు హెచ్చరికలు. చెరువులో, ఈతకొలనులో ఊపిరి బిగబట్టే సాధన ఒంటరిగా ఎప్పుడూ చేయొద్దు. నీళ్లలో స్పృహ తప్పితే కేక వేసే వ్యవధి కూడా ఉండదు. రెండోది, బజారులో అమ్మే రబ్బరు మాస్కులు. పోయిన ఏడాది ఒక కుర్రాడు నెల జీతం పెట్టి అలాంటిది కొనుక్కుని నాకు చూపించడానికి వచ్చాడు. ఆ మాస్కు గాలి రాకను బిగిస్తుంది గాని గాలిలో ఆక్సిజన్‌ను తగ్గించదు. దాంతో ఊపిరి తీసే కండరాలు అలసిపోతాయి, పరుగు నెమ్మదిస్తుంది. కొండ ఎత్తు మాత్రం రాదు. ఆ డబ్బుకు నెలంతా గుడ్లు తినొచ్చు.

6

చివరి మాట. నేను ఇక్కడికి వచ్చింది అసలు దీనికోసమే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇప్పుడు లెక్క చూడండి. రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. ఉండవలసినట్టు 13 గ్రాములు ఉన్న అమ్మాయితో పోలిస్తే 9 గ్రాములు ఉన్న అమ్మాయి రక్తం మోయగల ఆక్సిజన్ 30 శాతం తక్కువ. యంత్రాల గదిలో ఆ కుర్రాడి క్లిప్పు 83 చూపినప్పుడు వాడికి తగ్గింది దాదాపు పదిహేను శాతమే. అంటే మన అమ్మాయి సముద్ర మట్టం మీద, ఇంట్లో కూర్చుని, ఆ గదిలో కన్నా ఎక్కువ కొరతతో బతుకుతోంది. వేలికి క్లిప్పు పెడితే 98 చూపిస్తుంది. అది కొరతను పట్టుకోలేదు, ఎందుకంటే ఉన్న కాస్త హిమోగ్లోబిన్ నిండుగానే ఉంటుంది.

పలచని గాలి శిక్షణ గంటలో ముగుస్తుంది, ఆటగాడు బయటికి వచ్చి నిండుగా ఊపిరి పీలుస్తాడు. రక్తహీనతకు ఆ తలుపు లేదు. అందులో శిక్షణ ఏమీ లేదు, అది పిల్ల ఒంటిని తినేయడమే. మూడో పరుగుకే ఆయాసపడి కూలబడే అమ్మాయిని బద్ధకస్తురాలని నేనే మందలించిన రోజులున్నాయి. ఇప్పుడు తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

ఇంకొక సంగతి. మన్యంలోనూ, ఆదిలాబాద్ వైపు గిరిజన గూడేల్లోనూ సికిల్ సెల్ అనే రక్తవ్యాధి ఉన్న కుటుంబాలు ఉన్నాయి. జబ్బు లేకుండా ఆ జన్యు లక్షణం మాత్రమే ఉన్నవారు మామూలుగా ఆడతారు, గెలుస్తారు. అయితే ఆక్సిజన్ కొరత, ఒంట్లో నీరు తగ్గడం, విపరీతమైన శ్రమ మూడూ కలిస్తే వారికి ప్రాణాపాయం. కేంద్ర ప్రభుత్వం 2023లో సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ప్రారంభించింది, పరీక్షలు జరుగుతున్నాయి. ఆ పరీక్ష చేయించకుండా ఏ పిల్లనూ, ఏ పిల్లవాణ్నీ పలచని గాలి గదిలోకి పంపకండి. ఊపిరి ఆపి పరుగెత్తించకండి.

వ్యాయామ ఉపాధ్యాయ మిత్రులారా, మీ జిల్లాకు యంత్రాల గది వస్తే సంతోషమే, నేనూ వచ్చి సాయం చేస్తాను. దానికి ముందు ఒక పని చేయండి. జట్టును ఎంచే రోజున రెండు సున్నం గీతలు గీయండి. ఇరవై అంకెల విరామంతో ఆరు పరుగులు తీయించి ఆరోది రాయండి. ఆ అంకె పక్కనే పిల్ల హిమోగ్లోబిన్ రాయండి. ఆ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేస్తారు. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర పిల్ల చేతిలో పెట్టి పంపేయకుండా, మీ ఎదురుగా మింగించండి. నులిపురుగుల మాత్ర మరవకండి. పన్నెండు గ్రాముల లోపు ఉన్న అమ్మాయిని జట్టులోంచి తీసేయొద్దు. డాక్టరుకు చూపించి, మూడు నెలల తర్వాత మళ్లీ ఆరో పరుగు తీయించండి.